ర్యాష్‌గా నడిపి దొరికే దొంగలు: ఛలాన్ రాసి వదిలేయాలా, ఆపి బండి మొత్తం సోదా చేయాలా?

శంకర్_కిరాణా:
అందరికీ నమస్కారం. పోయిన ఏడాది దసరాకి ముందు నా బొలెరో పికప్‌ని షాపు ముందు నుంచే ఎత్తుకెళ్లారు. ఫిర్యాదు ఇచ్చి కూర్చున్నాను. మూడో రోజు పొద్దున నా ఫోన్‌కి ఓవర్ స్పీడ్ అని ఛలాన్ మెసేజ్ వచ్చింది. తెరిచి చూస్తే ఫొటోలో నా బండే. రాత్రి ఒకటీ నలభైకి హైవే మీద పోతోంది. ఆ ఫొటో పట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తాను. దాని ఆధారంగానే టోల్‌గేట్ కెమెరాలు చూసి మర్నాడు పట్టుకున్నారు. వాడు నెమ్మదిగా పోయుంటే నా బండి ఈపాటికి ముక్కలై తుక్కు కింద అమ్ముడుపోయేది.

అమెరికాలో ఓక్లహోమా సిటీలో బాంబు పేల్చి 168 మందిని చంపిన టిమోతీ మెక్‌వే కూడా స్పీడుగా పోతూనే దొరికాడు. తప్పు చేసి పారిపోయేవాడు బండి నిదానంగా నడపలేడు. అందుకే ర్యాష్‌గా నడిపే ప్రతి బండినీ అక్కడికక్కడే ఆపి సోదా చేయాలంటాను. ఫొటో తీసి ఫోన్‌కి మెసేజ్ పంపితే సరిపోదు. మీరేమంటారు?

అత్తిలి_మాస్టారు:
శంకర్ గారూ, బండి దొరికినందుకు సంతోషం. కానీ మెక్‌వేని ఆపింది స్పీడు గురించి కాదు. 1995 ఏప్రిల్ 19న ఉదయం 9.02కి బాంబు పేలింది. గంటన్నర లోపే పెర్రీ అనే ఊరి దగ్గర ఛార్లీ హ్యాంగర్ అనే హైవే పోలీసు అతని కారు ఆపాడు. ఆ పసుపు రంగు మెర్క్యురీ కారుకి వెనక నంబర్ ప్లేటు లేదు, అదొక్కటే కారణం. జాకెట్ కింద తుపాకీ కనిపిస్తే ఆ కేసు మీద లోపలేశారు. బాంబు వేసింది వీడేనని తేలేసరికి రెండు రోజులు పట్టింది. ఇంకాసేపైతే బెయిల్ మీద బయటికి పోయేవాడే. ఇందులో ర్యాష్ డ్రైవింగ్ ఊసే లేదు.

శంకర్_కిరాణా:
ప్లేటు అయితే ఏంటి, స్పీడు అయితే ఏంటి మాస్టారూ? ఆపారు కాబట్టి దొరికాడు. నేను చెప్పేదీ అదే కదా.

అత్తిలి_మాస్టారు:
రెండూ ఒకటి కావు. ప్లేటు ఉందో లేదో చిన్నపిల్లాడు కూడా చూసి చెప్తాడు. ర్యాష్ అనేది ఆ పోలీసు అభిప్రాయం. మోటారు వాహనాల చట్టం 184లో ప్రమాదకరమైన డ్రైవింగ్ అంటే ఏమిటో 2019 సవరణలో కొంత వివరించారు. రెడ్ సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్, చేతిలో ఫోన్ వగైరా. మొదటిసారి జరిమానా 1000 నుంచి 5000 దాకా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. అంతేగానీ ఆ సెక్షన్ చూపించి డిక్కీ తెరవమనే అధికారం అందులో నాకు కనపడలేదు.

లారీ_బాబాయ్:
భద్రాచలం రూట్‌లో 22 ఏళ్లు లారీ నడిపాను. గంజాయి బండి మహా బుద్ధిగా పోతుంది. సీటు బెల్టు, ఇండికేటర్, అన్నీ కరెక్ట్. ముందు ఒక బైకు పైలట్‌గా పోతూ చెకింగ్ ఉందో లేదో ఫోన్ చేస్తుంటుంది. ర్యాష్‌గా పోయేది మాలాంటి వాళ్లమే, లోడ్ టైముకి అందించాలన్న టెన్షన్‌తో.

డల్లాస్_లక్ష్మి:
ఇక్కడ అమెరికాలో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇండికేటర్ వేయకుండా మలుపు తిప్పి స్పీడుగా పోయిన బండిని ఆపితే అందులో డ్రగ్స్ దొరికాయి. పోలీసు మనసులో ఏ అనుమానం ఉన్నా సరే, ట్రాఫిక్ తప్పు నిజంగా జరిగితే ఆపడం చెల్లుతుందన్నారు. ఆ తీర్పు వల్ల ఎవరిని ఎక్కువ ఆపుతున్నారనే గొడవ ఇప్పటికీ ఆగలేదు.

రవి_87:
అన్నా, అందరూ దొరికిన వాళ్ల కథలే చెప్తున్నారు. దొరకనివాడి గురించి ఎవరికీ తెలియదు. బాబాయ్ చెప్పినట్టు నెమ్మదిగా పోయినవాడు ఇల్లు చేరాడు. లక్ష బండ్లు ఆపితే ఒక్క దొంగ దొరకొచ్చు. మిగతా వాళ్లంతా ఆఫీసుకి ఆలస్యమైన వాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు. వాళ్ల బండ్లన్నీ విప్పి చూస్తారా?

శంకర్_కిరాణా:
చూస్తే పోయేదేముంది రవి గారూ? తప్పు చేయనివాడికి పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే కదా. కాలిఫోర్నియాలో 1983 మే నెలలో రాండీ క్రాఫ్ట్ అనేవాడి కారు రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంటే తాగి నడుపుతున్నాడని ఆపారు. పక్క సీట్లో ఒక సైనికుడి శవం ఉంది. తర్వాత 16 హత్యలు రుజువయ్యాయి. ఆ రాత్రి ఛలాన్ రాసి పంపేసుంటే?

రవి_87:
అక్కడ ఆపారు, వాడు ఆగాడు. ఆగనివాడి సంగతేంటి? వెంటపడతారా? అమెరికాలోనే జార్జియాలో 2001లో ఒక 19 ఏళ్ల కుర్రాడు గంటకి 55 మైళ్ల లిమిట్ ఉన్న రోడ్డు మీద 73లో పోయాడు, అంతే. ఆపకుండా పారిపోతుంటే పోలీసు వెనక నుంచి కారుతో గుద్దాడు. మెడ కింద నుంచి ఒళ్లంతా చచ్చుబడిపోయింది. 2007లో సుప్రీంకోర్టు పోలీసుదే రైటంది. అతని కారులో శవం ఉందా? డ్రగ్స్ ఉన్నాయా?

రాయచోటి_రఫీ:
2024 ఫిబ్రవరిలో మా అన్నమయ్య జిల్లాలో ఎర్రచందనం కారుని ఆపబోయిన కానిస్టేబుల్‌ని గుద్ది చంపేశారు. ఆపేవాడి ప్రాణం గురించి కూడా ఒక మాట రాయండి.

అత్తిలి_మాస్టారు:
రఫీ గారి మాట నిజం. నేను మళ్లీ నంబర్ ప్లేటు దగ్గరికే వస్తాను. ఇంగ్లండులో 13 మంది ఆడవాళ్లను చంపిన పీటర్ సట్‌క్లిఫ్‌ని పోలీసులు అంతకుముందు తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. చివరికి 1981 జనవరి 2న షెఫీల్డ్‌లో ఆగి ఉన్న కారులో దొరికాడు. తగిలించినవి దొంగ ప్లేట్లు, పట్టించింది అవే. ఆగి ఉన్న కారుకి స్పీడెక్కడిది?

శంకర్_కిరాణా:
మాస్టారూ, మీరు ప్లేటు వదలరు. రవి గారికేమో దొంగల మీద, తాగి నడిపేవాళ్ల మీద జాలి. బండి పోగొట్టుకున్నవాడి బాధ ఎవరికీ పట్టదు. నిజాయితీగా నడిపేవాడు పోలీసుని చూసి పారిపోడు. పారిపోయాడంటేనే ఏదో ఉంది.

రవి_87:
ఏముందో చెప్తాను వినండి. మా తమ్ముడు. 24 ఏళ్లు. పెళ్లి భోజనంలో రెండు బీర్లు తాగాడు. బైకు మీద వస్తుంటే మలుపులో డ్రంకెన్ డ్రైవ్ చెకింగ్. పదివేలు ఫైను, కోర్టు, నాన్నకి తెలుస్తుందన్న భయం. బండి వెనక్కి తిప్పాడు. ఇద్దరు బైకు మీద వెంటపడ్డారు. డివైడర్‌కి తగిలి అక్కడికక్కడే పోయాడు. మర్నాడు పేపర్లో 'తప్పించుకోబోయి యువకుడి మృతి' అని రాశారు. మీరన్నట్టే ఊళ్లో ప్రతి ఒక్కరూ అడిగారు, ఏదీ లేకపోతే ఎందుకు పారిపోయాడని. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ వింటోంది. తాగి నడపడం తప్పే. నేనూ ఒప్పుకుంటాను. ఆ తప్పుకి మొదటిసారి చట్టం పెట్టిన శిక్ష పదివేల రూపాయలు, మహా అయితే దాంతో పాటు ఆరు నెలల జైలు.

లారీ_బాబాయ్:
అయ్యో నాయనా.

డల్లాస్_లక్ష్మి:
రవి గారూ, చాలా బాధగా ఉంది. ఇక్కడ కొన్ని ఊళ్లలో పెద్ద నేరం అయితే తప్ప వెంటాడకూడదని పోలీసులే రూల్ పెట్టుకున్నారు.

శంకర్_కిరాణా:
రవీ, తెలియక అన్నాను. క్షమించు తమ్ముడూ. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

కానీ నేను మొదట రాయనిది ఒకటుంది. ఛలాన్ పడింది రాత్రి ఒకటీ నలభైకి. ఆ మెసేజ్ నాకు పొద్దున ఎనిమిదికి వచ్చింది. ఈ మధ్యలో, నాలుగున్నరకి, నా బండి రాంగ్ రూట్‌లో వచ్చి పూలమార్కెట్‌కి పోతున్న ఒక ఆమెని గుద్దింది. ఆమె బతికింది, కుడి కాలు తీసేశారు. దొంగ దొరికాక తెలిసింది. మూడు గంటలకి ఒక చెక్‌పోస్ట్ దగ్గర వాడు లైట్లు ఆర్పుకుని ఊగుతూ పోతుంటే చూశారట. నంబర్ రాసుకుని వదిలేశారు. స్టేషన్‌లో ఎందుకు ఆపలేదని అడిగితే, నంబర్ ఉంది కదా, నోటీసు ఇంటికి పోతుందన్నారు. ఎవరి ఇంటికి? నా ఇంటికే కదా. ఆమె వాళ్లు మొదట వచ్చి నిలదీసింది నన్నే, బండి నా పేరు మీద ఉంది కాబట్టి. నేను నెలనెలా పోయి చూసి వస్తున్నాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనదు.

రవి_87:
అన్నా, నేనెప్పుడూ ఆపొద్దనలేదు. వెంటపడొద్దన్నాను. మా వాడిని చెకింగ్ దగ్గర నలుగురు చూశారు, బండి నంబర్ తెలుసు, మొహం తెలుసు. పొద్దున ఇంటికొచ్చి పట్టుకెళ్లొచ్చు. మీ బండి విషయంలో చెక్‌పోస్ట్ దగ్గర బారికేడ్ అడ్డం పెట్టాలి, ముందున్న టోల్‌గేట్‌కి ఫోన్ చేయాలి. అది చేయలేదు వాళ్లు.

అత్తిలి_మాస్టారు:
ఫిర్యాదు అయిన బండి నంబర్ చెక్‌పోస్ట్‌లో కొట్టగానే దొంగబండి అని చూపించే ఏర్పాటు ఉంటే అక్కడే దొరికేవాడు కదా శంకర్ గారూ? నేను ప్లేటు ప్లేటు అని పట్టుబట్టింది అందుకే.

శంకర్_కిరాణా:
నంబర్ కొట్టి చూడాలన్నా ముందు ఎవరో ఒకరు లేచి నిలబడాలి కదా మాస్టారూ. ఆ రాత్రి ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

రవి తమ్ముడూ, బారికేడ్ అడ్డం పెట్టినా వాడు ఆగకపోతే? నాకు ఆమె కాలు గుర్తొస్తుంది, నీకు మీ తమ్ముడు గుర్తొస్తాడు. నేను ఇంకా వెంటపడమనే అంటాను.

రవి_87:
నేను వద్దనే అంటాను అన్నా. ఆమె ఏ ఊళ్లో ఉంటారో విడిగా మెసేజ్ పెట్టండి. మా అమ్మ పూలమాలలు కట్టి అమ్ముతుంది, పని ఏమైనా కుదురుతుందేమో అడుగుతాను.