అప్‌డేట్: ఎనిమిదో తరగతి బీజగణితం లెక్క తేలింది

పోయిన వారం అడిగాను: 3ఎక్స్²/4వై × 8వై³/9ఎక్స్ సూక్ష్మీకరిస్తే పుస్తకంలో 2ఎక్స్వై²/3 అని ఉంది, మా అమ్మాయికి మాత్రం 27ఎక్స్³/32వై⁴ వస్తోంది, ఎందుకు అని. బదులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పుస్తకంలో అచ్చుతప్పు లేదు. నేనే అనవసరంగా అనుమానించాను. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తీసుకోమని వచ్చిన సలహా కూడా ఇక్కడ పనికిరాలేదు. అది భిన్నాలను కూడేటప్పటి సంగతి.

ఎక్స్=2, వై=1 వేసి చూడమన్న సలహాతోనే ముడి విడింది. అసలు లెక్క 3 × 4/9, అంటే 4/3. పుస్తకం జవాబూ అంతే. మా అమ్మాయిది 27/4! తప్పు తనదేనని అప్పటికి గానీ ఒప్పుకోలేదు.

కారణం మాత్రం బైరాగిపట్టెడలో మా పక్కింటి విశ్రాంత లెక్కల మాస్టారు నోటుపుస్తకం చూడగానే చెప్పేశారు. భాగహారంలో లాగా రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించిందట. గుణకారంలో లవాన్ని లవంతో, హారాన్ని హారంతో గుణించాలి: 24ఎక్స్²వై³/36ఎక్స్వై. 24, 36లను 12తో కొట్టేస్తే 2/3. ఎక్స్ ఘాతం 2−1=1, వై ఘాతం 3−1=2. ఎక్స్, వై సున్నా కాకూడదని కూడా పక్కన రాయించారు.

ముందే కొట్టివేతలు చేసుకుంటే 24, 36 దాకా వెళ్లనక్కరలేదట. అది రేపటి పాఠం.