రామగిరి ఖిల్లాకు రోప్‌వే కావాలా, వద్దా?

ఓరుగల్లు అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది హనుమకొండ, ఇప్పుడు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాను. మొన్న సెలవుల్లో క్లాస్‌మేట్స్‌తో కలిసి పెరూ వెళ్లాను. పెరూ అంటే అందరికీ కొండ మీది పాత నగరం మాచు పిచ్చూనే గుర్తొస్తుంది. మేం మాత్రం ఉత్తరాన ఉన్న క్వెలాప్ కోటకు కూడా వెళ్లాం. అక్కడికి వెళ్లొచ్చినప్పటి నుంచి మన పెద్దపల్లి జిల్లాలో గుట్ట మీదున్న రామగిరి ఖిల్లాయే కళ్లముందు మెదులుతోంది. రోప్‌వే మాట మళ్లీ వినిపిస్తోంది కదా, అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

క్వెలాప్ దాదాపు 3000 మీటర్ల ఎత్తున ఉంటుంది. పెరూను ఏలిన ఇంకాల కంటే ముందే చచపోయా ప్రజలు కట్టుకున్న కోట అది. గోడలు కొన్నిచోట్ల 20 మీటర్ల దాకా లేస్తాయి, లోపల 400కు పైగా గుండ్రటి కట్టడాలున్నాయి. ప్రధాన ద్వారం బయట నిలబడి చూస్తే కట్టినవాళ్ల తెలివి అర్థమవుతుంది. మొదట్లో వెడల్పుగా ఉన్న దారి పోనుపోను ఇరుకై, చివరికి ఒక్క మనిషి మాత్రమే దూరేంత సందు మిగులుతుంది. ఎంత పెద్ద సైన్యం వచ్చినా లోపలికి ఒక్కొక్కరే రావాలి.

2017లో అక్కడ కేబుల్ కార్ వచ్చింది. అంతకుముందు గంటన్నర పట్టే ఘాట్ రోడ్డు ప్రయాణం 20 నిమిషాలకు తగ్గింది. మేం అది ఎక్కకుండా కింద టింగో ఊరి నుంచి పాత కాలిబాట పట్టాం. సుమారు 1200 మీటర్లు ఎక్కాలి, ఊపిరి ఆగినంత పనైంది. కానీ అలా ఎక్కినందుకే ఆ కోటను అంత ఎత్తున ఎందుకు కట్టారో ఒంటికి తెలిసింది. అందుకే నా మట్టుకు నాకు, రామగిరికి ఇప్పుడే రోప్‌వే వద్దు. ముందు కోటను బాగు చేయాలి. మీరేమంటారు?

మంథని అన్న:
చెల్లెమ్మా, పెరూ దాకా పోయినా మా గుట్టను తలుచుకున్నందుకు సంతోషం. కానీ నీ మాటతో నేను ఏకీభవించను. నీకు వయసుంది, ఎక్కుతావు. మా అమ్మకు మోకాళ్లు అరిగిపోయినయ్. శ్రావణమాసంలో మేమంతా గుట్టెక్కుతుంటే ఆమె కింద చెట్టు నీడన మా చెప్పులు, సంచులు కాపలా కాస్తూ కూర్చుంటది. చిన్నప్పుడు నన్ను చంకన వేసుకుని పైదాకా తీసుకుపోయింది ఆమెనే. ఇప్పుడు పైన కొలను దగ్గర నీళ్లున్నయా, ఫలానా బురుజు అట్లనే ఉందా అని మమ్మల్ని అడిగి తెలుసుకుంటది. పైన దండం పెట్టుకునే హక్కు కాళ్లు బాగున్నోళ్లకేనా?

రోడ్డు వేస్తే సరిపోతుంది అనేవాళ్లకు ఇంకో మాట. 2018లో కొండగట్టు ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖం మన జిల్లాల్లో ఇంకా ఆరలేదు. గుట్ట చుట్టూ రోడ్డు తవ్వడం కన్నా రోప్‌వే ఎంతో మేలు. మంథని, గుట్ట కింది బేగంపేట పిల్లలకు నాలుగు పనులు కూడా దొరుకుతయ్. మా పిల్లలు పని కోసం హైదరాబాద్ బస్సెక్కుతుంటే, మీరు రోప్‌వే వద్దంటరు.

సెంటినరీ కాలనీ తమ్ముడు:
నేనూ మంథని అన్న వైపే. మాకు ఈ గుట్ట ఆదివారం గుట్ట. ఒక సంగతి మాత్రం ఎవరూ రాయలేదు, గుప్తనిధుల పిచ్చి. పాత కోటలన్నిటికీ పట్టిన తెగులే ఇది. రాత్రిళ్లు వచ్చి బండల కింద, గోడల మొదట్లో గుంతలు తీస్తారు. మనుషుల రాకపోకలు, కాపలా, లైట్లు ఉంటే తవ్వేవాళ్లకు కొంచెమైనా భయం ఉంటుంది. ఎవరూ పోని చోటే భద్రంగా ఉంటుందనుకోవడం తప్పు.

బాటనీ మాస్టారు:
అమ్మా, తమ్ముళ్లూ, నేను రిటైరైన టీచర్ని. ఏటా పిల్లల్ని రామగిరికి తీసుకెళ్లేవాణ్ని. మందు మొక్కలకు ఆ గుట్ట పెట్టింది పేరు, బాటనీ విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పొడపత్రి ఆకు నమిలించి, వెంటనే నోట్లో చక్కెర వేసేవాణ్ని. తీపి తెలియదు, ఇసుక నమిలినట్టు ఉంటుంది. అప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి! ఆ ఒక్క ఆకుతో మొక్కల మీద ప్రేమ పుట్టినవాళ్లున్నారు.

రోప్‌వే స్తంభాలకు పోయే చెట్లు కొన్నే కావచ్చు. నా భయం పైన దిగాక జరిగేదాని గురించి. జనం పెరిగితే క్యాంటీన్ కావాలంటారు, మరుగుదొడ్లు కావాలంటారు, నీళ్ల ట్యాంకు, సెల్ఫీ పాయింట్, దాని చుట్టూ సిమెంటు గచ్చు. నడిచి వచ్చేవాడు మోయగలిగినంతే తెస్తాడు. ఇప్పుడే బాట పొడుగునా వాటర్ బాటిళ్లు, బిర్యానీ పొట్లాల కవర్లు కనిపిస్తున్నాయి. వీటిని కిందికి తెచ్చే మనిషిని పెట్టలేనివాళ్లు పైన వేలమందిని ఎలా సంభాళిస్తారు?

కరీంనగర్ ట్రెక్కర్:
మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ వైపు పల్లె నుంచి వచ్చిన ఆ అమ్మాయి మొదట తాడు పట్టుకుని బండ ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి కోట దగ్గర. అలాంటి గుట్టలు మన పిల్లలకు బడులు. ఇప్పుడు భువనగిరికి కూడా రోప్‌వే అంటున్నారు. అన్నిటికీ తీగలు కడితే పిల్లలు ఎక్కేదేంటి?

మంథని అన్న:
పూర్ణను చూసి మేమూ గర్వపడతం. ఆమె ఎవరెస్ట్ ఎక్కింది కాబట్టి మా అమ్మ చెట్టు కిందనే ఉండాల్నా? రోప్‌వే పెట్టినంత మాత్రాన మెట్లు తీసేయరు కదా. ఎక్కేటోళ్లు ఎక్కండి.

ఓరుగల్లు అమ్మాయి:
అన్నా, అమ్మ గురించి మీరు రాసింది చదివాక మా నానమ్మ గుర్తొచ్చింది. ఆమె పద్మాక్షి గుట్ట మెట్ల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి నడవలేనివాళ్లకు దారి వద్దనడం లేదు. నేనడిగేది వరుస గురించి. ఏది ముందు, ఏది తర్వాత?

క్వెలాప్‌లో ఏమైందో పూర్తిగా చెబుతాను. కేబుల్ కార్ వచ్చిన ఐదేళ్లకు, 2022 ఏప్రిల్‌లో, పెద్ద వానల తర్వాత కోట బయటి గోడ కొంత భాగం కూలిపోయింది. కేబుల్ కార్ వల్ల కూలిందని నేను అనను. గోడ లోపల మట్టి, రాళ్లు నింపి కట్టారు. అందులోకి దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక లోపల్నుంచి గోడను తోసేశాయి. కోట మూసేశారు. 2023లో తెరిచాక కూడా అన్ని చోట్లకూ వెళ్లనివ్వలేదు. ఆ మూసిన రోజుల్లో, అంత ఖర్చుపెట్టి వేసిన కేబుల్ కార్ ఎవరిని మోయాలి? దాన్ని నమ్ముకుని హోటల్ పెట్టుకున్నవాళ్ల సంగతేంటి?

రామగిరిలోనూ గోడల సందుల్లో రావి, మర్రి వేళ్లు దిగాయి. వాటిని మొరటుగా పీకితే రాళ్లు ఊడొస్తాయి, వదిలేస్తే వేళ్లు లావై గోడను చీలుస్తాయి. వాననీళ్లు పోయే పాత కాలువలు పూడిపోయి ఉంటే వాటిని వెతికి తీయాలి. ఇదంతా ఫొటోల్లో కనిపించని పని, రిబ్బన్ కట్ చేయడానికి వీల్లేని పని. అందుకే దీనికి డబ్బులు రావు. రోప్‌వే ముందు వస్తే ఇది ఇంకెప్పటికీ జరగదని నా టెన్షన్.

మాచు పిచ్చుకు కూడా 1990ల చివర్లో రోప్‌వే వేద్దామన్నారు. యునెస్కో, పురావస్తు నిపుణులు అడ్డుచెప్పడంతో ఆగింది. అక్కడ ఇప్పుడు రోజుకు ఇంతమందే అని లెక్క, టికెట్ మీద టైము, లోపల నడవడానికి గీసిన దారులు. నడవలేనివాళ్లు కింది ఊరి నుంచి బస్సులో వెళ్తారు. అంటే దారి ఉంది, దానికి హద్దూ ఉంది. మాస్టారూ, ఇలాంటి హద్దు పెడితే మీ భయం కొంత తగ్గుతుందా?

బాటనీ మాస్టారు:
తగ్గుతుందమ్మా, ఆ హద్దును నిజంగా పాటిస్తే. పైన ఒక్క కొట్టు కూడా ఉండకూడదు, తిండి అంతా కిందే. అలాగైతే బేగంపేట వాళ్లకే వ్యాపారం దక్కుతుంది, గుట్టా బాగుంటుంది. ఈ షరతుకు మంథని తమ్ముడు ఒప్పుకుంటే నేను రోప్‌వేకు అడ్డుచెప్పను.

మంథని అన్న:
పైన కొట్లు వద్దంటే నాకేం అభ్యంతరం లేదు మాస్టారూ, మంచి మాట. కానీ చెల్లె చెప్పిన వరుస దగ్గరే నాకు తేడా ఉంది. గోడల పేరు చెప్పి ఇరవై ఏళ్లు ఆపితే, అప్పటికి మా అమ్మ ఉండదు. రెండు పనులూ ఒకటే కాగితం మీద పెట్టాలె. గోడలకు ఎంత, ఎవరు చేస్తరు, ఎప్పటిలోగా అని రోప్‌వే మంజూరులోనే రాయాలె. గోడల పని మొదలుకాకుంటే రోప్‌వే బిల్లు ఆపాలె. ఇట్ల రాస్తమంటే మీ అందరితో కలిసి కలెక్టరేట్‌కు వస్త. ఊరికే ఆగమంటే మాత్రం ఆగను, రోప్‌వే కోసం సంతకాలు పెట్టిస్తూనే ఉంట.