నాయనకు సీఆర్పీ 4.8 వచ్చింది, ఒంట్లో వాపు యాడుండేది?

అనంత_పిల్లోడు:
మాది అనంతపురం, నాయనకు 52 ఏండ్లు, బుడ్డల వ్యాపారం, పొద్దంతా కూర్చొనే పని. కాళ్లూ చేతులూ సన్నమే గానీ పొట్ట మాత్రం ముందుకొచ్చింది, నడుము కొలత 98 సెంటీమీటర్లు. పోయిన వారం రక్తపరీక్షలు చేపిస్తే పరగడుపు షుగర్ 112, ట్రైగ్లిజరైడ్స్ 212, మంచి కొలెస్ట్రాల్ 36, బీపీ 138/88. డాక్టరు మెటబాలిక్ సిండ్రోమ్ అన్నాడు. ప్యాకేజీలో హెచ్ఎస్ సీఆర్పీ అని ఇంకోటి గూడా ఉండాది, ఒంటి లోపల వాపు (ఇన్ఫ్లమేషన్) ఉంటే పెరిగేదంట, 4.8, హై అని ఎర్రగా ప్రింటు చేసినారు. మా చిన్నాయన చూసి ఇది ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్ వేయల్ల అంటాడు, పక్కింటాయన గుండెపోటుకు గుర్తు అన్నాడు, అమ్మ రెండు రాత్రులుగా నిద్రపోలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, మరి వాపు యాడుండేది? తగ్గించే మాత్ర ఏమన్నా ఉందా?

బురుజు_ల్యాబ్:
తమ్ముడూ నేను కర్నూల్లో ల్యాబ్‌లో పనిచేస్తా. ఒక్క రిపోర్టు పట్టుకొని భయపడొద్దు. సీఆర్పీ అనేది లివర్ తయారు చేసే ప్రొటీన్, జలుబు చేసినా పంటికి చీము పట్టినా దెబ్బ తగిలినా పెరుగుతుంది, కారణం పోతే కొన్ని రోజుల్లోనే దిగిపోతుంది. గుండె రిస్కు లెక్కలో 1 లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 పైన ఎక్కువ, 10 దాటితే ఆ లెక్క పక్కన పెట్టి ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతారు. రెండు వారాలాగి ఒంట్లో బాగున్నప్పుడు మళ్లీ చేపించు, హెచ్ఎస్ టెస్టే కావల్లని గట్టిగా చెప్పు, మామూలు సీఆర్పీకి ఇంత చిన్న తేడాలు దొరకవు. పళ్లూ చిగుళ్లూ ఒకసారి చూపించు, అది చానామంది మర్చిపోతారు.

పీజీ_అక్క:
జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నా. వాపు యాడుంది అన్నావు కదా, చాలావరకు ఆ 98లోనే ఉంది. మనవాళ్లలో మగవాళ్లకు నడుము 90, ఆడవాళ్లకు 80 దాటకూడదు. నడుము, ట్రైగ్లిజరైడ్స్, మంచి కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ ఈ ఐదింట్లో మూడు తప్పితే చాలు మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం, నాన్నగారికి ఐదూ తప్పాయి. సీఆర్పీ ఆ ఐదింట్లో లేనే లేదు.

పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ఊరికే పడి ఉండదు. కణాలు ఉబ్బేకొద్దీ రక్షణ కణాలు వచ్చి అక్కడ చేరతాయి, ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి వాపు పెంచే ప్రొటీన్లను వదులుతాయి. ఐఎల్-6 లివర్‌కు చేరితే లివర్ సీఆర్పీ తయారు చేస్తుంది. టీఎన్ఎఫ్ ఇన్సులిన్ మాట కణం వినకుండా అడ్డం పడుతుంది, ఎలుకల కొవ్వులో ఇది 1993లోనే చూపించారు. అంటే షుగర్ పెరగడం, సీఆర్పీ పెరగడం రెండూ ఒకే చోట మొదలవుతున్నాయి. సీఆర్పీ వాకిట్లో మొరిగే కుక్క లాంటిది, దాని నోరు కడితే దొంగ పోడు.

ఆ నోరు కట్టి కూడా చూశారు. 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్లో, అంతకుముందు గుండెపోటు వచ్చి సీఆర్పీ 2 పైన ఉన్నవాళ్లకు వాపు తగ్గించే ఇంజెక్షన్ ఇస్తే సీఆర్పీ దిగింది, గుండెపోట్లు కొంత తగ్గాయి, కానీ ప్రాణం మీదికొచ్చే ఇన్ఫెక్షన్లు పెరిగాయి, కొత్తగా షుగర్ రావడం మాత్రం ఆగలేదు. అందుకని నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్ సొంతంగా వేయొద్దు, దయచేసి. రోజూ నొప్పి మాత్ర మింగితే బీపీ ఇంకా పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) అవసరమా కాదా మీ డాక్టరునే అడగండి, అది సీఆర్పీని కూడా కొంత దించుతుంది. బరువులో ఏడు శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అని లక్ష్యం పెట్టుకున్న వాళ్లలో షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గిందని 2002లో అమెరికా ట్రయల్లో తేలింది. నేనైతే రోజూ పేషెంట్లకు ఇదే చెప్తున్నా.

కడప_మామ:
నాకూ ఇట్లే 5.1 ఉన్నింది నాయనా. పొద్దున ఉగ్గాని బజ్జి మానేసి, రాత్రి అన్నం సగం చేసి, సంగటి గూడా ఒక్క చిన్న ముద్దతో సరిపెట్టుకొని రోజూ నడిస్తే ఎనిమిది నెల్లకు 84 కేజీల నుంచి 77కి వచ్చినా, సీఆర్పీ 2.2. మొదటి రెండు నెల్లు ఏం కదల్లేదు, ఆడ నిలబడల్ల.

అనంత_పిల్లోడు:
అందరికీ చానా థాంక్స్. అమ్మకు మొత్తం చదివి వినిపించినా, ఈపొద్దు ఇంత అన్నం తినింది. పళ్ల సంగతి అడిగితే నాయన సంవత్సరం నుంచి ఎడమ పక్క నమలకుండానే తింటాండాడంట, ఎవరికీ చెప్పనే లేదు. రేపు పళ్ల డాక్టరు దగ్గరికి పోతాండాము, సీఆర్పీ పదిహైదు రోజులాగి చేపిస్తా.