ఇటాలియన్, జపనీస్-ఇటాలియన్ రెస్టారెంట్లలో పిల్లలకు వేరే మెనూ ఉండాలా, పెద్దల పళ్లెంలోంచే పెట్టాలా?

మిణుగురు (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన ఆదివారం మా ఇంట్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. జపనీస్ రుచులూ ఇటాలియన్ రుచులూ కలిపి వండే రెస్టారెంటుకి వెళ్లాం. పాపకి ఆరేళ్లు, బాబుకి మూడు. కూర్చోగానే పిల్లలిద్దరి చేతికీ ఒక రంగుల కార్డు ఇచ్చారు. అందులో ఉన్నవి నాలుగే: టమాటా సాస్ స్పగెట్టి, చీజ్ పిజ్జా, నగ్గెట్స్, ఫ్రెంచ్ ఫ్రైస్. మా మెనూ మాత్రం ఆరు పేజీలు. నేను వెన్నలో వేయించి సోయాసాస్ వేసిన పుట్టగొడుగుల స్పగెట్టి చెప్పాను. పాప నా పళ్లెంలోంచి ఒక పుట్టగొడుగు తీసి కాసేపు వాసన చూసింది, కొస కొరికింది, తర్వాత మొత్తం నోట్లో పెట్టుకుని "నాకూ ఇదే కావాలి" అంది. అప్పటికే దాని ముందు నగ్గెట్స్ చల్లారిపోతున్నాయి.

ఒకే బల్ల మీద కూర్చుని, వాళ్లకి మాత్రం ఎక్కడైనా దొరికే నాలుగు వేపుళ్లు పెట్టడం నాకు నచ్చలేదు. ఇటాలియన్ భోజనం అంటేనే పళ్లేలు మధ్యలో పెట్టుకుని పంచుకోవడానికి వీలైనది. పిల్లల కార్డు అసలు తీసేసి, పెద్దల వంటకాల్లోనే సగం వడ్డన ఇస్తే చాలని నా అభిప్రాయం. మావారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఇద్దరు_బిడ్డల_నాన్న

మిణుగురు గారూ, నేను మీవారి పక్షమే. మీ పాప పుట్టగొడుగు తింది కాబట్టి మీకలా అనిపిస్తోంది. మా పెద్దోడు నాలుగేళ్లు వచ్చేదాకా తెల్లగా ఉన్నవి తప్ప ముట్టేవాడు కాదు. పచ్చటి ఆకు ఒక్కటి కనిపించినా పళ్లెం అవతలికి తోసేసేవాడు.

పిల్లలకి వేరేగా పెట్టడం బయటివాళ్లు తెచ్చిన అలవాటేం కాదండీ. ఇటలీలోనే 'పాస్తా ఇన్ బియాంకో' అని ఉంది. ఉడికించిన పాస్తాకి వెన్నో ఆలివ్ నూనో పట్టించి, పైన కాస్త పార్మెజాన్ చీజ్ తురుము, అంతే. మెనూలో రాసి లేకపోయినా పిల్లాడికని అడిగితే చేసి ఇస్తారు.

ఇంకోటి, టైము. ఇటాలియన్ పద్ధతిలో ముందు ఆంటిపాస్తో అంటే నంజుకునే చిన్న వంటకాలు, తర్వాత ప్రీమో అంటే పాస్తానో రిసోట్టోనో (రసంలో ఉడికించే అన్నం), ఆ తర్వాత సెకొందో అంటే మాంసమో చేపో. పైగా ఇటలీలో చాలాచోట్ల రాత్రి భోజనం ఏడున్నరకి గాని మొదలుపెట్టరు. మూడేళ్ల పిల్లాడు ఆకలేస్తే ఎంతసేపు ఆగుతాడు? పిల్లల కార్డులో ఉన్నది చెప్తే చప్పున వస్తుంది. వాడు తింటూ ఉంటే మేం నాలుగు ముద్దలు ప్రశాంతంగా తింటాం. ఆ కాస్త ప్రశాంతత కోసమే మేం బయటికి వెళ్లేది.

గరిటె

ఇటాలియన్ వంటగదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. లోపలి సంగతి చెప్తాను.

నగ్గెట్స్ త్వరగా వచ్చేది అవి ఫ్రీజర్లోంచి నేరుగా నూనెలోకి వెళ్తాయి కాబట్టి. అంతకంటే త్వరగా వచ్చేది ఇంకోటి ఉంది. నిజమైన నేపుల్స్ పద్ధతి కట్టెల పొయ్యి ఉన్నచోట పిజ్జా కాలడానికి పట్టేది 60 నుంచి 90 సెకన్లు! మార్గెరీటా చెప్పండి, పిల్లాడు కుర్చీలో సర్దుకునేలోపు వచ్చేస్తుంది. ఎండు స్పగెట్టికి పది నిమిషాల దాకా పడుతుంది. రిసోట్టో మాత్రం ఆకలితో ఉన్న పిల్లలకి చెప్పకండి, బియ్యం వేసిన దగ్గర్నుంచి పద్దెనిమిది ఇరవై నిమిషాలు కలుపుతూనే ఉండాలి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు "పిల్లలది ముందు పంపండి" అని ఒక్క మాట అనండి. చీటీ మీద ఆ మాట కనబడితే మేం దాన్ని వరసలో ముందుకి లాగుతాం. చెప్పకపోతే బల్లకంతటికీ ఒకేసారి వెళ్లేలా చూస్తాం, ఎందుకంటే పెద్దలు అలాగే కోరుకుంటారు.

మిణుగురు గారూ, సగం వడ్డన మాకేం కష్టం కాదు. కానీ పెద్దల సాసులన్నీ పిల్లలకి సరిపోతాయనుకోవద్దు. రగూ అనే మాంసం సాసులో వైన్ పోస్తాం. ఉడికితే సారా అంతా ఆవిరైపోతుందని అందరూ అనుకుంటారు, అది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 15 నిమిషాలు ఉడికాక సుమారు 40 శాతం, గంట ఉడికాక 25 శాతం మిగులుతుంది. జపనీస్ కలయిక వంటల్లో వాడే అసలైన మిరిన్ (తియ్యటి బియ్యపు మద్యం) కూడా దాదాపు 14 శాతం ఆల్కహాల్ ఉన్నదే. ఇక సోయాసాస్ ఉప్పు. ఒక పెద్ద చెంచాడులో దగ్గరదగ్గర రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకి రోజు మొత్తానికి 2 గ్రాములు దాటొద్దని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతోంది. మీ పాప తిన్న పుట్టగొడుగు మంచిదే. అదే పళ్లెం మూడేళ్ల బాబుకి మొత్తంగా పెడితే నేనైతే వద్దంటాను. "సోయాసాస్ సగం వేయండి" అని అడగండి, ఆ వంటకం అప్పటికప్పుడు పెనంలో కలిపేదే కాబట్టి తగ్గించడం తేలిక.

సాయంకాలం

పిల్లల మెనూ తీసేయాలన్నదీ, నగ్గెట్స్ ఉన్నా ఫర్వాలేదన్నదీ రెండూ నాకు నచ్చలేదు. మేం జపాన్లో నాలుగేళ్లు ఉన్నాం. ఈ కలయిక వంట పుట్టిన చోట పిల్లల పళ్లేన్ని ఎంత శ్రద్ధగా చూస్తారో కళ్లారా చూశాను.

టోక్యోలో నిహొన్‌బాషి మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ భోజనశాలలో 1930లోనే పిల్లల కోసం ఒక ప్రత్యేక పళ్లెం మొదలుపెట్టారు. తర్వాత దేశమంతా దాన్ని 'ఒకొసామా లంచ్' అన్నారు. కొండలా పోసిన అన్నం, దాని నెత్తిన చిన్న కాగితం జెండా, చుట్టూ పెద్దలు తినే పాశ్చాత్య వంటకాలే కొంచెం కొంచెం. పెద్దలది పెద్దలు తింటారు, అదే రుచి చిన్న ముద్దల్లో పిల్లలకి. మా అబ్బాయి జెండా పడిపోకుండా అన్నాన్ని చుట్టూ తవ్వుకుంటూ తినేవాడు, అది పడిపోయేసరికి పళ్లెం ఖాళీ. పిల్లల మెనూ అంటే అలా ఉండాలి.

పాస్తా సంగతికొస్తే, జపాన్ పద్ధతిలో చేసిన దాన్ని అక్కడ 'వాఫూ పాస్తా' అంటారు. 1953లో టోక్యోలో తెరిచిన 'కాబె నో ఆనా' అనే చిన్న దుకాణం దీనికి పేరు తెచ్చింది. చేపగుడ్ల స్పగెట్టి అక్కడి నుంచే వ్యాపించింది. ఇక్కడ తల్లిదండ్రులు తెలుసుకోవలసింది ఒకటుంది. 'తారాకొ' అంటే ఉప్పువేసిన చేపగుడ్లు, 'మెంతాయికొ' అంటే అవే కారం పట్టించినవి. చూడటానికి రెండూ గులాబీ రంగులో ఒకేలా ఉంటాయి. పొరపాటున రెండోది పిల్లాడికి పెట్టారంటే ఆ పూట ఇంకేమీ తినడు. రెండింట్లోనూ ఉప్పు ఎక్కువే, గుడ్లు సరిగా ఉడకవు కూడా, కాబట్టి మరీ చిన్నపిల్లలకి ఏదీ వద్దు. శాకాహారులైతే ఇంకో జాగ్రత్త: వట్టి పుట్టగొడుగుల వాఫూ పాస్తా అని రాసి ఉన్నా, అందులో చాలాసార్లు ఎండబెట్టిన బొనీటో చేప రసం పోస్తారు.

జపాన్‌లో ఇటాలియన్ తిండి పెట్టే సైజెరియా హోటళ్ల పిల్లల మెనూ కార్డు మీద రెండు బొమ్మల మధ్య తేడాలు పట్టుకునే ఆట ఉంటుంది. మొత్తం పది తేడాలు. మేం ముగ్గురం తలలు దగ్గర పెట్టి వెతికినా ఎనిమిది దగ్గర ఆగిపోయేవాళ్లం. ఫోన్ చేతికివ్వకుండా అరగంట గడిచిపోయేది. పిల్లల కార్డు తీసేయమనేవాళ్లు దీని గురించి కూడా ఆలోచించాలి.

మిణుగురు

@గరిటె గారూ, ఉప్పు లెక్క నాకు తెలియదు, బాబు విషయంలో మీ మాట వింటాను. @సాయంకాలం గారూ, మీరు చెప్పిన జెండా పళ్లెం నా వాదనకే దగ్గర కదా! పెద్దల తిండే, చిన్న కొలతలో. నేను అడిగేది కూడా అదే.

పిల్లలకి ఈ రుచులు కొత్త అని ఎందుకనుకోవాలో నాకర్థం కావడం లేదు. 1908లో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు రసంలోంచి గ్లూటమేట్‌ని విడదీసి, ఆ రుచికి 'ఉమామీ' అని పేరు పెట్టారు. పండిన టమాటాలోనూ, ముదిరిన పార్మెజాన్లోనూ ఉన్నది అదే గ్లూటమేట్. ఈ రెండు దేశాల వంటలు అంత సులువుగా కలిసిపోవడానికి అదొక కారణం. తల్లిపాలలో కూడా గ్లూటమేట్ దండిగా ఉంటుంది. అంటే ఈ రుచి పిల్లలకి మొదటి రోజు నుంచీ పరిచయమే. పాప పుట్టగొడుగు అడగడంలో వింతేముంది?

ఇద్దరు_బిడ్డల_నాన్న

రుచి పరిచయమే కావచ్చండీ. కానీ వాళ్లు ముందు చూసేది రంగూ, మెత్తదనమూ. కొత్త పదార్థాన్ని ఒప్పుకోవడానికి కొందరు పిల్లలకి పది పదిహేను సార్లు కళ్ల ముందు కనబడాలని పిల్లల వైద్యులు చెప్తారు. ఆ పదిహేను సార్లూ హోటల్లో డబ్బులిచ్చి వేస్ట్ చేయలేను. ఇంట్లో పెడతాను, బయట వాడికి తెలిసింది పెడతాను.

నీలికలువ

ఇప్పటిదాకా చదివి ఊరుకుందామనుకున్నాను, కానీ ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. మా బాబుకి గుడ్డు పడదు.

రెండేళ్ల కింద ఒక రెస్టారెంటులో మీరన్నట్టే పెద్దల మెనూలోంచి సగం వడ్డన తీసుకున్నాం. టమాటా సాస్ తాల్యతెల్లే, అంటే రిబ్బన్లలా ఉండే పాస్తా. "ఇందులో గుడ్డు ఉందా?" అని అడిగాను. వడ్డించే అబ్బాయి సాస్ గురించి ఆలోచించి "లేదమ్మా" అన్నాడు, పాపం వాడు అబద్ధం చెప్పలేదు. గుడ్డు ఉన్నది పాస్తా పిండిలో. ఎండు స్పగెట్టి సాధారణంగా దురుం గోధుమ రవ్వ, నీళ్లతోనే చేస్తారు. అప్పటికప్పుడు చేసిన తాజా తాల్యతెల్లేని గుడ్డుతో కలుపుతారు. మూడో ముద్దకి వాడు "అమ్మా, పెదవి లాగుతోంది" అన్నాడు. చూస్తుండగానే కింది పెదవి ఉబ్బి పక్కకి తిరిగింది. ఆ తర్వాత రెండు గంటలు ఆసుపత్రిలో ఎలా గడిచాయో నేను రాయలేను.

అందుకే నాకు ఆ నాలుగు వంటకాల కార్డే కావాలి. నాలుగే కాబట్టి వాటిలో ఏముందో వంటగదిలో అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది. ఆరు పేజీల మెనూలో నేను ఎన్నని అడగను? కార్బొనారా పాస్తాలో పూర్తిగా ఉడకని గుడ్డు. తిరమిసు అనే మిఠాయిలో పచ్చిగుడ్డు, పైగా కాఫీ. వాఫూ పాస్తా మీద సగం ఉడికిన గుడ్డు కూర్చోబెడతారు. పెస్తో అనే పచ్చటి ఆకు సాసులో పైన్ గింజలకి బదులు ఒక్కోసారి జీడిపప్పో వాల్‌నట్టో వేస్తారు. జపాన్ పద్ధతి హోటళ్లలో నాలుగు చీజ్‌ల పిజ్జాకి తేనె ఇస్తారు, ఏడాది నిండని బిడ్డ నాలుకకి అది తగలకూడదు.

చట్టం కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. ఐరోపా యూనియన్‌లో 2014 డిసెంబర్ నుంచి 14 రకాల అలర్జీ పదార్థాల వివరం రెస్టారెంట్లు కూడా చెప్పి తీరాలి. జపాన్‌లోనూ తప్పనిసరి జాబితా ఉంది, 2023లో వాల్‌నట్‌ని చేర్చాక అందులో ఎనిమిది అయ్యాయి. కానీ ఆ నిబంధన ప్యాకెట్ తిండికే, హోటల్లో వడ్డించే పళ్లేనికి కాదు. మీ పాప పుట్టగొడుగు తిన్నందుకు నాకు నిజంగా సంతోషం మిణుగురు గారూ. కానీ ఆ కార్డు తీసేయమని మాత్రం అనకండి. మాలాంటి వాళ్లు బయట భోంచేయగలుగుతున్నది దాని వల్లే.

గరిటె

@నీలికలువ అమ్మా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మీ బాబు కోలుకున్నాడు, అది చాలు.

మీరు కార్డుని నమ్ముతున్నారు కాబట్టి ఇంకో మాట చెప్పాలి, తప్పుగా అనుకోకండి. చాలా వంటగదుల్లో ఒకే గిన్నెలో మరిగే నీళ్లుంటాయి. జాలీ బుట్టలు వేరు, నీళ్లు ఒకటే. గుడ్డు పాస్తా ఉడికిన నీళ్లలోనే పిల్లల స్పగెట్టి కూడా ఉడుకుతుంది. వేపుడు నూనె కూడా అంతే. కాబట్టి "గుడ్డు ఉందా" అని అడగొద్దు. "మా పిల్లాడికి గుడ్డు పడదు, వేరే గిన్నెలో కొత్త నీళ్లు పెట్టి ఎండు పాస్తా ఉడికించగలరా, వంటమనిషిని కనుక్కుని చెప్పండి" అనండి. అడిగిన పని చేయగలమో లేదో మేం సూటిగా చెప్తాం. తటపటాయిస్తే లేచి వచ్చేయండి. రద్దీ వేళ కాకుండా హోటల్ తెరిచిన మొదటి అరగంటలో వెళ్తే గిన్నె మార్చడం మాకూ వీలవుతుంది.

ఇద్దరు_బిడ్డల_నాన్న

ఇది చదివాక ఇంకోటి గుర్తొచ్చింది, చర్చకి సంబంధం తక్కువైనా రాస్తున్నా. చెర్రీ టమాటాలు, గుండ్రటి చిన్న మోజరెల్లా బంతులు, గింజ తీయని ఆలివ్‌లు – ఐదేళ్లలోపు వాళ్లకి గొంతులో అడ్డం పడతాయి. పొడుగ్గా నాలుగు ముక్కలు కోసి పెట్టండి. అడ్డంగా కోస్తే గుండ్రంగానే మిగిలిపోతాయి.

మిణుగురు

@నీలికలువ గారూ, కార్డు తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో ఎవరికీ అలర్జీ లేదు, అందుకే నాకు అటువైపు ఆలోచనే పోలేదు. క్షమించండి. కార్డులో నగ్గెట్స్ బదులు పెద్దల వంటకాల చిన్న వడ్డనలు ఉండాలన్న మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను. నాలుగైదే ఉండనివ్వండి, వాటిలో ఏముందో పూర్తిగా రాయనివ్వండి.

నిన్న మళ్లీ వెళ్లాం, తలుపు తెరిచిన పది నిమిషాలకే. పిల్లలది ముందు పంపమన్నాను. పాపకి పుట్టగొడుగుల స్పగెట్టి సగం, సోయాసాస్ తగ్గించి. బాబుకి వెన్న పాస్తా, మెనూలో లేకపోయినా అడగ్గానే చేసిచ్చారు. మధ్యలో పాప తన పళ్లెంలోంచి ఒక పుట్టగొడుగు తీసి వాడి పళ్లెం అంచున పెట్టింది. వాడు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా నా పళ్లెంలో పెట్టేశాడు. మావారు నావైపు చూసి "ఒకటి" అని వేలు చూపించారు.