ట్రాలీ జాకీ పైపు మూడు చుట్లకే పట్టేస్తోంది, ఇది ఏ థ్రెడ్?

మాది పరకాల దగ్గర. పోయిన వారం మక్కలు దించుతుంటే ట్రాలీ జాకీ హోస్ పైపు పగిలింది. వరంగల్‌లో ఒక షాపులో పాతది చూపిస్తే "అర ఇంచే కదా" అని కొత్తది కట్టిచ్చారు. జాకీకి చేత్తో తిప్పితే మూడు చుట్లు సాఫీగా పోతుంది, తర్వాత పట్టేస్తుంది. పానాతో ఇంకో చుట్టు బిగించాను. ట్రాలీ లేపగానే ఆయిల్ కారుతోంది. టెఫ్లాన్ టేపు మూడుసార్లు చుట్టినా ఆగలేదు.

పాలిటెక్నిక్ చదివే మా అన్న కొడుకు వెర్నియర్‌తో కొలిచాడు. పాతది ముందూ వెనకా 20.9 మిల్లీమీటర్లు. కొత్తది కొన దగ్గర 20.6, వెనక్కి పోతే 21.3. రెండింటికీ ఇంచుకు 14 మరలే. మరి ఎందుకు పడట్లేదు? పాతదానికి లోపల రబ్బరు అతికిన ఇనుప వాషర్ ఒకటి ఉండేది, షాపులో ఎక్కడో పడిపోయింది. ఎల్లుండి ఎనుమాముల మార్కెట్‌కు సరుకు పోవాలి, టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్ నుంచి, పొక్లెయిన్ మెకానిక్:

తమ్ముడూ, ముందు ఆ పానా పక్కన పెట్టండి. ఇంకా బిగిస్తే జాకీ మరలు పోతాయి. పైపు మళ్లీ దొరుకుతుంది గానీ జాకీ పాడైతే పెద్ద ఖర్చు.

జవాబు మీ కొలతల్లోనే ఉంది. పాతది ముందూ వెనకా ఒకటే లావు, అంటే సమాంతర మర. 20.9, ఇంచుకు 14 అంటే అర ఇంచు బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర. కొత్తది కొన నుంచి వెనక్కి లావెక్కుతోంది కాబట్టి టేపర్. అది ఎన్‌పీటీ (అమెరికన్ టేపర్ పైపు మర) కావచ్చు, బీఎస్‌పీలోనే టేపర్ రకమూ కావచ్చు. రెండూ 16 మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు లావెక్కుతాయి, అర ఇంచులో రెండింటికీ 14 మరలే. అందుకే ఇక్కడ అందరూ మోసపోతారు. పావు ఇంచు అయితే బీఎస్‌పీకి 19, ఎన్‌పీటీకి 18, లెక్కపెడితే తెలిసిపోయేది. అర, ముప్పావు ఇంచుల్లో కోణమే చూడాలి. బీఎస్‌పీ మర కోణం 55 డిగ్రీలు, శిఖరం గుండ్రం. ఎన్‌పీటీది 60, శిఖరం చదును. 55 డిగ్రీల పిచ్ గేజ్ (మరలు సరిచూసే పళ్ల రేకు) ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టండి. సందులోంచి వెలుగు కనిపిస్తే అది బీఎస్‌పీ కాదు.

మీకు ఏదైనా టేపర్ పనికిరాదు. మీ జాకీలో ఆయిల్‌ను ఆపేది మర కాదు, ఆ పోయిన వాషరే. దాన్ని డౌటీ వాషర్ అంటారు. అది లేకుండా ఎంత టేపు చుట్టినా కారుతుంది, పైగా టేపు ముక్కలు ఆయిల్‌లో కలిసి వాల్వులో ఇరుక్కుంటాయి.

లీకు ఎక్కడో చూడాలని వేలు మాత్రం పెట్టకండి, అట్టముక్క పెట్టండి. ప్రెషర్‌లో సన్నగా చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, ఆలస్యం చేస్తే వేలే పోవచ్చు. ట్రాలీ పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, లీవర్ రెండు మూడుసార్లు ఆడించాకే జాయింట్ విప్పండి.

హుజూరాబాద్ నుంచి, వరి హార్వెస్టర్ ఓనర్:

అన్న చెప్పింది నిజం. ఇంకొకటి. "అర ఇంచు" అని నోటితో అడిగితే ఏదైనా ఇస్తారు, ఎందుకంటే ఆ అర ఇంచు పైపు సైజు పేరు, మర కొలత కాదు. అర ఇంచు జేఐసీ (హైడ్రాలిక్ పైపులకు వాడే ఇంకో రకం మర) బయట కొలిస్తే 19 మిల్లీమీటర్లు, ఇంచుకు 16 మరలు. ఎం22 మెట్రిక్ (మిల్లీమీటర్ల లెక్క మర) అయితే 22, పిచ్, అంటే మర నుంచి మరకు దూరం, ఒకటిన్నర. గేజ్ లేకపోతే ఐదు మరల దూరం కొలవండి. అర ఇంచు బీఎస్‌పీకి, ఎన్‌పీటీకి సుమారు 9.1, జేఐసీకి 7.9, ఎం22కు 7.5 వస్తుంది. నేను ఇలాగే చూసుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు అన్నా. కొత్తదానిలో ఐదు మరలకు 9.1 వచ్చింది, శిఖరాలు చదునుగా ఉన్నాయి. ఎన్‌పీటీయే. జాకీ మర పోయిందా లేదా ఎలా తెలుస్తుంది?

కరీంనగర్ నుంచి, పొక్లెయిన్ మెకానిక్:

గుడ్డతో శుభ్రంగా తుడిచి, పాత పైపు కొసనే చేత్తో తిప్పి చూడండి. చివరిదాకా వదులు లేకుండా, పట్టేయకుండా పోతే మర బాగున్నట్టే. మధ్యలో గరగరలాడితే లేత్ షాపులో అర ఇంచు బీఎస్‌పీ ట్యాప్ (లోపలి మర కోసే పనిముట్టు) ఒకసారి తిప్పించండి, ఇనుప పొడి లోపల పడకుండా చూసుకోమనండి. షాపుకు పాత పైపు తీసుకెళ్లి, అక్కడే పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. డౌటీ వాషర్లు రెండు తెచ్చుకోండి, ఒకటి టూల్ బాక్సులో ఉంచండి.