చిన్న విమానాశ్రయంలో బోర్డింగుకు ముందు ఆహారం కోసం వరుసలో నిలబడడం సబబేనా?

నిదానం:
భద్రతా తనిఖీ దాటిన తరువాత ఒకే ఒక్క ఫలహారశాల ఉండే చోట, బోర్డింగుకు అరగంట ముందు వరుసలో నిలబడడం వివేకం కాదని నా అభిప్రాయం. విమానాలు తక్కువ కనుక, ఒక విమానం ఎక్కవలసినవారంతా దాదాపు ఒకేసారి తనిఖీ దాటి అదే గల్లా ముందుకు చేరుతారు. విమానం కదలడానికి 15, 20 నిమిషాల ముందే గేటు మూసివేయడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. ఇంటినుంచి పొడి ఆహారం తెచ్చుకోవడమే మేలు.

రెక్కలచప్పుడు:
తెచ్చుకున్నాము. తనిఖీలో పెరుగు డబ్బా తీసి పక్కన పెట్టేశారు. మీ సలహా అక్కడే ఆగిపోయింది.

నిదానం:
పెరుగు పొడి ఆహారం కాదు. చేతిసంచిలోని ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లకు మించరాదని 2006 నుంచి అనేక దేశాలలో అమలైన నియమం ద్రవాలతో పాటు ముద్దగా, జారుగా ఉండే పదార్థాలకూ వర్తిస్తుంది. నేను పొడి ఆహారమనే రాశాను.

తూర్పుకిటికీ:
పసిపిల్లల ఆహారానికి, మందులకు చాలాచోట్ల మినహాయింపు ఉంది. అధికారికి ముందుగా చెప్పాలి.

రెక్కలచప్పుడు:
నిదానం గారూ, మీరు పెరుగు దగ్గరే ఆగిపోయారు. మా నాన్నగారికి మధుమేహం. ఫలహారశాల తెరిచి ఉండడం చూసి, భోజనానికి పావుగంట ముందు వేసుకోవలసిన ఇన్సులిన్ వేసుకున్నారు. వరుసలో మా వంతు వచ్చేసరికి ఆహారం అయిపోయిందన్నారు. రక్తంలో చక్కెర పడిపోయి ఆయనకు చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే, ఒక తోటి ప్రయాణికురాలు ఇచ్చిన పంచదార పొట్లాలతో ఆ గండం గడిచింది.

నిదానం:
విన్నందుకు బాధగా ఉంది. అయినా ఆహారం చేతికి అందకముందే ఇన్సులిన్ వేసుకోవడం పొరపాటు.

రెక్కలచప్పుడు:
డెబ్బై ఏళ్ళ మనిషిని తప్పుపట్టడానికి మీకు మనసెలా వచ్చింది? తనిఖీ దాటిన మనిషి బయటికి వెళ్ళి తిని రావాలంటే మళ్ళీ మొదటినుంచి తనిఖీకి నిలబడాలి. మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఆ గదిలో అమ్మే హక్కు ఒక్కరికే ఇచ్చినవారికి, చివరి ప్రయాణికుడు విమానం ఎక్కేవరకు తినడానికి ఏదో ఒకటి అక్కడ ఉండేలా చూసే బాధ్యత లేదా? నేను అడుగుతున్నది అదే.

తూర్పుకిటికీ:
విమానం ఆలస్యమైన రోజున, కాలపట్టికలోని వేళకే దుకాణం మూసుకుని వెళ్ళిపోవడం నేనూ చూశాను.

నిదానం:
మీ నాన్నగారి గురించి అలా రాయవలసింది కాదు, క్షమించండి. నేనొకసారి అలాంటి వరుసలోనే నిలబడి, గేటు దగ్గర పిలిచిన పిలుపు వినపడక విమానం అందుకోలేకపోయాను. ఎన్నో నెలలు ఎదురుచూసిన ఉద్యోగపు ఇంటర్వ్యూ పోయింది. ఆనాటి నుంచి ఆ గల్లాను నమ్మి ప్రయాణం కట్టలేదు. బాధ్యత వారిదేనని ఒప్పుకుంటాను. కాని వారు దానిని నెరవేరుస్తారన్న నమ్మకంతో ఆకలిని అక్కడిదాకా మోసుకువెళ్ళమని ఎవరికీ చెప్పలేను.

రెక్కలచప్పుడు:
మీరు నమ్మకం వదులుకున్నారు, నేను వదులుకోలేదు. ఫిర్యాదు రాసి ఇచ్చాను, జవాబు వచ్చేవరకు అడుగుతూనే ఉంటాను.