బ్రూమ్ పొదని మోకాలెత్తుకి కోసేశారు, మళ్ళీ చిగురిస్తుందా?

లలిత_రెడింగ్:
ఈ ఇల్లు కొన్నప్పటికే ముందు తోటలో పెద్ద పసుపు బ్రూమ్ ఉంది. మే వస్తే ఆకు కనపడకుండా పూసేది. పోయిన ఎండాకాలం తోటపని అతన్ని పిలిస్తే నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు మోకాలెత్తుకి నరికి డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు గోధుమరంగు మోళ్ళే మిగిలాయి. ఎరువు వేస్తే కోలుకుంటుందా? వేరే చోటికి మార్చొచ్చా? పిల్లలు అక్కడే ఆడతారు, కాయలు ప్రమాదమా?

లీడ్స్_మామయ్య:
అమ్మా, అది పోయినట్టే. బ్రూమ్‌ని ముదురు కట్టెలోకి కోస్తే చిగురించదు, అంతే. పూలు రాలిన వెంటనే పచ్చగా ఉన్న కొమ్మల్ని మాత్రమే సగానికో, మూడింట రెండు వంతులో కోయాలి, అదీ చిన్న మొక్కప్పటి నుంచి ఏటా చేస్తేనే గుబురుగా ఉంటుంది. నా దగ్గర ఆల్‌గోల్డ్, లీనా, బాస్కూప్ రూబీ మూడు రకాలూ ఉన్నాయి, మా వీధిలో బ్రూమ్ గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా నా గుమ్మంలోకే వస్తారు. ఎరువు ఊసే ఎత్తొద్దు, చిక్కుడు కుటుంబం, నత్రజని అదే తయారుచేసుకుంటుంది. నీళ్ళు నిలవని, సారం తక్కువున్న ఇసుక నేల, ఒళ్ళంతా ఎండ, ఇవి చాలు.

సియాటిల్_శీను:
అసలు దీన్ని పెంచుకోవడం ఏంటండీ! మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ పసుపు స్కాచ్ బ్రూమ్ ప్రభుత్వ హానికర కలుపుల జాబితాలో క్లాస్ బి కలుపు. మా పార్కులో వాలంటీర్లం కలిసి పీకుతూనే ఉంటాం, అయినా తరగదు. నల్లబడిన కాయని ఎండలో గమనించండి, అంచుల్లో సన్నటి వెంట్రుకలుంటాయి, టప్పుమని పగిలి రెండు బద్దలూ మెలి తిరిగిపోతాయి, గింజలు ఎగిరి దూరంగా పడతాయి. నేలలో పడ్డ గింజ దశాబ్దాల తర్వాత కూడా మొలుస్తుంది. దయచేసి ఎవరూ నాటకండి.

లీడ్స్_మామయ్య:
శీనూ, ఆవిడ అడిగింది ఇంగ్లండ్‌లోని రెడింగ్ గురించి. ఇక్కడ ఇది పుట్టి పెరిగిన మొక్క, కొండవాలు నిండా ఉంటుంది, తేనెటీగలు దీని మీదే వాలతాయి. మీ ఊరి చట్టం మా ఊళ్ళో చెప్పొద్దు.

సియాటిల్_శీను:
చట్టం చెప్పలేదు, గింజల సంగతి చెప్పాను. "మా ఊళ్ళో బాగుంది" అనుకునే కదా దీన్ని ప్రపంచమంతా మోసుకెళ్ళారు! ఈ చర్చ చదివి హైదరాబాద్‌లోనో కొడైకెనాల్‌లోనో ఎవరైనా విత్తనాలు తెప్పించుకుంటే బాధ్యత ఎవరిది?

కూనూర్_కాఫీ:
శీను గారు చెప్పింది నిజం. నీలగిరికి దీన్ని తెచ్చింది ఆంగ్లేయులే. ఊటీ పైన ముకుర్తి వైపు వెళ్తే తోడా గిరిజనుల గేదెలు మేసే గడ్డి మైదానాల్లోకి ఇది చొరబడిపోయింది. దీని కింద గడ్డి బతకదు. పూసినప్పుడు టూరిస్టులు ఫోటోలు దిగుతుంటే నాకు కడుపు మండిపోతుంది.

లీడ్స్_మామయ్య:
హైదరాబాద్ ఎండకి అది ఒక్క వేసవి కూడా తట్టుకోదు, అంత కంగారొద్దు. నీలగిరి సంగతి వేరు, అది ఒప్పుకుంటా.

సర్రే_సుధ:
మీరిద్దరూ కాస్త ఆగితే ఒక మాట. పసుపుదే ఎందుకు, పైనాపిల్ బ్రూమ్ పెట్టుకోండి లలిత గారూ. మొరాకో మొక్క, వెండిరంగు ఆకు, జూన్‌లో పూసిందంటే గోడ దగ్గర నిలబడితే నిజంగా పైనాపిల్ వాసన. మాది దక్షిణం గోడకి ఆనించి కట్టాను, చలికాలం దాటింది, ఈసారి పై కిటికీ అందుకుంది, చూసినప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

ఓరుగల్లు_పిల్ల:
ఆ పసుపు చూస్తే నాకు తంగేడే గుర్తొస్తుంది అక్కా. బతుకమ్మకి పనికొస్తుందేమో అని ఆశపడ్డాను, కానీ మేలో పూసి ఊరుకుంటుంది, మనకి సెప్టెంబర్, అక్టోబర్‌లో కావాలి.

లలిత_రెడింగ్:
పిల్లల సంగతి ఒక్కరూ చెప్పలేదు!

సర్రే_సుధ:
అయ్యో, అవును. కాయలు, గింజలు నోట్లో పెట్టుకోనివ్వకండి, స్పార్టీన్ అనే విషం ఉంటుంది. మింగినట్టు అనుమానం వస్తే ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. పూలు వాడగానే కొమ్మ చివరలు కోసేస్తే కాయే ఉండదు, శీను గారి గింజల గొడవా తీరుతుంది.

సియాటిల్_శీను:
ఇది నేనూ ఒప్పుకుంటా. తీసేసేటప్పుడు నేల మాత్రం తవ్వి కెలకకండి, పాత గింజలన్నీ పైకి వచ్చి మొలుస్తాయి.

లీడ్స్_మామయ్య:
మార్చడం గురించి అడిగావు కదా లలితమ్మా, బతికున్న బ్రూమ్‌నైనా సరే పీకి వేరే చోట పెడితే వేరు తట్టుకోదు. అక్కడే చిన్న కుండీ మొక్క కొత్తది పెట్టు. కొనేముందు కొమ్మల మీద బూడిద ఆకుపచ్చ బుడిపెలు ఉన్నాయేమో చూడు, అది కంటికి ఆనని నల్లి పురుగు పని, మందు లేదు, అలాంటిది తీసుకోవద్దు.

ఓరుగల్లు_పిల్ల:
బతుకమ్మకి పసుపు పూలు ఇంట్లో పెంచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? బంతి విత్తనం ఏప్రిల్‌లో కిటికీ దగ్గర వేస్తే అందుతుందా, ఇంకా ముందే వేయాలా?